అటక మీది నలభై జీబీ: ఒక పాత హార్డ్ డిస్కు కేసు

పాత హార్డ్ డిస్కు పట్టుకొచ్చి "ఇందులోవి కొత్త కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టండి" అనేవాళ్లు నెలకు నలుగురైదుగురు వస్తుంటారు మా షాపుకు. ఎక్కువగా పెళ్లి ఫొటోలు, కాకపోతే టాలీ డేటా. వైరు తగిలిస్తే గంటలో తేలిపోయే పని. ఈ కేసుకు మాత్రం పన్నెండు రోజులు పట్టింది. డిస్కు చదవడానికి రెండు రోజులు, చదివినదాన్ని తెరవడానికి పది రోజులు. మధ్యలో నొక్కకూడని బటన్ ఒకటి నేనే నొక్కాను. ముఖ్యంగా దాని గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను. యజమానిని అడిగాకే రాస్తున్నాను. ఊరు, పేరు, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

డిస్కు కథ

ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. డెల్టా ప్రాంతం. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచే రైతుల నోట వినిపించే వ్యవసాయ మాటలు పోగేశారు. 2004లో అసెంబుల్డ్ కంప్యూటర్ కొని, పుస్తకాల పేజీలు దిద్దే పేజ్‌మేకర్, అను అనే తెలుగు ఫాంట్లు నేర్చుకుని, పదకోశం మొత్తం తానే టైపు చేసుకున్నారు. 'త' దాకా మొదటి భాగం పుస్తకంగా వచ్చింది. 'ద' నుంచి చివరిదాకా రెండో భాగం టైపింగు 2009కి పూర్తయింది గానీ అచ్చుకు డబ్బు కుదరలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు కంప్యూటర్ ఆన్ కావడం మానేసింది. క్యాబినెట్ తెరిచి చూస్తే మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు పైకి ఉబ్బి ఉన్నాయి. ఆ కాలపు బోర్డులకు అది మామూలు జబ్బే. క్యాబినెట్ అటకెక్కింది.

బ్యాకప్ లేదా అంటే ఉంది. రెండు సీడీలు. వెలుతురుకు ఎత్తి చూస్తే జల్లెడలా కనిపించాయి. పైన ఉండే వెండి పొర పెళ్లలుగా రాలిపోయింది.

ఇప్పుడు మనవరాలు రెండో భాగం కూడా అచ్చు వేయిద్దామంటోంది. మాస్టారి మేనల్లుడు డిస్కు ఊడదీసి, ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ అడాప్టర్ తెప్పించి, కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. డిస్కు కనిపించలేదు సరికదా, టిక్, టిక్, టిక్ అని గడియారంలా కొట్టుకుంది. ఎవరికో చూపిస్తే హెడ్ పోయింది, హైదరాబాద్‌లో ల్యాబ్‌కు పంపాల్సిందే, చాలా అవుతుంది అన్నారట. మాస్టారికి టెన్షన్ పట్టుకుంది. డిస్కును తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చారు.

టిక్ టిక్ ఎక్కడిది

పాత డిస్కు చేతికి రాగానే కరెంటు ఇవ్వను. ముందు ప్రశ్నలు అడుగుతాను. ఎప్పుడైనా కింద పడిందా, కాలిన వాసన వచ్చిందా, చివరిసారి ఎలా పనిచేసింది, ఇంట్లో ఎన్నిసార్లు తగిలించి చూశారు. పడలేదు, వాసన లేదు, చివరి రోజు దాకా బాగానే ఉంది, మేనల్లుడు నాలుగైదు సార్లు ప్రయత్నించాడు. చివరి జవాబే నాకు నచ్చలేదు.

టిక్ శబ్దానికి కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి, లోపల డేటా చదివే ముల్లు లాంటి హెడ్ పాడై తన చోటు వెతుక్కోలేక వెనక్కీ ముందుకీ కొట్టుకోవడం. అదే అయితే ఒక్కసారి కూడా ఆన్ చేయకూడదు. డేటా ఉండే గుండ్రటి పళ్లెం మీద గీత పడితే ల్యాబ్ వాళ్లు కూడా ఏమీ చేయలేరు. రెండోది కరెంటు చాలకపోవడం. మూడున్నర అంగుళాల డిస్కుకు ఎలక్ట్రానిక్స్ కోసం 5 వోల్టులు, మోటారు కోసం 12 వోల్టులు కావాలి. మోటారు కదిలే మొదటి క్షణాల్లో 12 వోల్టుల లైను మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. అడాప్టర్‌తో వచ్చే చవక పవర్ ఇటుక అంత ఇవ్వలేకపోతే మోటారు లేవబోయి పడిపోతుంది, మళ్లీ లేవబోతుంది. బయటికి వినిపించేది అదే టిక్.

ఈ రెంటినీ వేరు చేయడానికి మాస్టారి డిస్కు అక్కర్లేదు. మా షాపులో పనికిరాని డేటా ఉన్న పాత ఐడీఈ (ఆ కాలపు వెడల్పు కేబులు) డిస్కు ఒకటి ఉంది, తిన్నగా తిరుగుతుంది. మేనల్లుడి అడాప్టర్‌ను దానికి తగిలించాను. అదీ టిక్ టిక్ అంది! మల్టీమీటర్ పెడితే 12 ఉండాల్సిన చోట తిరగబోయే సమయానికి 9 దగ్గరికి పడిపోతోంది. మాస్టారు కుర్చీలో ముందుకు వంగి "అయితే మనది బతికే ఉందా?" అన్నారు. "ఉండొచ్చు మాస్టారూ, ఇంకా చెప్పలేను" అన్నాను.

ఆ ఇటుకను పక్కన పడేసి, క్యాబినెట్లలో కరెంటు ఇచ్చే పెట్టె, ఎస్‌ఎంపీఎస్, ఒకటి తీశాను. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో చిన్న తీగతో కలిపితే మదర్‌బోర్డు లేకుండానే ఆన్ అవుతుంది. దాని నాలుగు పిన్నుల కనెక్టర్ నుంచే డిస్కుకు కరెంటు ఇచ్చాను. నాకు నేను పెట్టుకున్న షరతు ఏమిటంటే, పది సెకన్లలోపు మామూలు శబ్దం రాకపోతే ఆపేసి ల్యాబ్‌కే పంపడం. చేత్తో పట్టుకుంటే ముందు చిన్న వణుకు, తర్వాత ఝుం అని పైకి లేచిన శబ్దం, నెమ్మదిగా ఒకే స్వరంలో నిలబడింది. టిక్ లేదు.

ఇంతా చేస్తే ఇంకా కంప్యూటర్‌కు కనిపించలేదు. వెనక జంపర్ చూస్తే స్లేవ్‌లో ఉంది. ఐడీఈ కాలంలో ఒకే కేబులుకు రెండు డిస్కులు తగిలించేవాళ్లం, ఎవరు మాస్టరో ఎవరు స్లేవో ఈ చిన్న ప్లాస్టిక్ ముక్క చెప్పేది. ఇంట్లో ఇది కేబులు మీద రెండోదిగా ఉండేదట. అడాప్టర్లు చాలావరకు మాస్టర్‌నే వెతుకుతాయి. కరెంటు ఆపి, పట్టకారుతో జంపర్ మార్చాను. డిస్కు మీద అతికించిన కాగితంలోనే ఏ పిన్నులకు ఏమిటో బొమ్మ ఉంటుంది, ఊహించాల్సిన పని లేదు.

నేను చేసిన తప్పు

ఈసారి విండోస్ 11 ఉన్న మా కంప్యూటర్లో రెండు డ్రైవులు వచ్చాయి. మొదటిది తెరుచుకుంది. రెండోదాని మీద క్లిక్ చేయగానే 'ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి' అంది. క్యాన్సిల్ కొట్టాను. ఆ మాటకు డేటా లేదని అర్థం కాదు. పార్టిషన్ (డిస్కులో ఒక భాగం) మొదట్లో ఉండి, ఆ భాగం ఎలా సర్ది ఉందో చెప్పే బూట్ సెక్టార్ విండోస్‌కు అర్థం కాలేదని మాత్రమే అర్థం. ఎంతోమంది అక్కడ ఓకే కొట్టేసి, ఆ తర్వాత మా దగ్గరికి వస్తారు.

మాస్టారి పదకోశం ఉన్నది ఆ రెండో డ్రైవులోనే. అక్కడే ఆపి డిస్కు మొత్తానికి నకలు తీసుకుని ఉండాల్సింది. ఆ సంగతి నాకు తెలుసు, కుర్రాళ్లకు నేర్పుతాను కూడా. కానీ ఎదురుగా మాస్టారు ఉన్నారు, ఆయన కళ్లు తెరకు అతుక్కుపోయాయి. మొదటి డ్రైవులో ఏదో ఒక ఫైలు తెరిచి చూపిస్తే ధైర్యంగా ఉంటుందనుకున్నాను. 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్'లో ఆయన పేరుతో ఉన్న ఫోల్డర్ నొక్కాను. అనుమతి లేదు, కంటిన్యూ నొక్కితే శాశ్వతంగా ప్రవేశం ఇస్తాను అంది విండోస్. నొక్కేశాను.

'శాశ్వతంగా' అన్న మాట దగ్గర ఆగాల్సింది. విండోస్ ఎక్స్‌పీలో పాస్‌వర్డ్ పెట్టుకుని ఫోల్డర్‌ను ప్రైవేట్ చేసుకుంటే, అది ఎవరిదో పేరుతో కాక పొడవాటి నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. కొత్త కంప్యూటర్‌కు ఆ నంబరు ఎవరిదో తెలియదు. కంటిన్యూ అంటే, లోపలున్న ఒక్కొక్క ఫైలు దగ్గరికీ వెళ్లి అనుమతుల చిట్టాలో నా పేరు చేర్చడం. అంటే పాత డిస్కు మీద వేల చోట్ల రాయడం. కొన్నేళ్లుగా కదలని డిస్కు, పక్క పార్టిషన్ దెబ్బతిన్నదని ఇప్పుడే తెలిసిన డిస్కు!

పైన ఆకుపచ్చ గీత మెల్లగా పాకింది. సగం దాటాక నిలిచిపోయింది. డిస్కు స్వరం మారింది. ఝుం మధ్యలో కిర్రు, కొంచెం ఆగి మళ్లీ కిర్రు. ఒకే చోటును చదవలేక పదే పదే ప్రయత్నిస్తోంది. విండో తెల్లబడి స్పందించడం మానేసింది. ఎజెక్ట్ పనిచేయదు. ఆగుదామా, కరెంటు తీసేద్దామా? అలాగే వదిలేస్తే అదే చోట హెడ్ పదే పదే ప్రయత్నిస్తూ ఉంటుంది, పళ్లెం గీసుకుపోయే ప్రమాదం ఉంది. తీసేస్తే రాస్తున్న అనుమతి ఒకటి సగంలో తెగుతుంది. విండోస్ ఫైళ్లను సర్దే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో చేసిన మార్పుల చిట్టా (లాగ్) ఉంటుంది కాబట్టి సగంలో తెగిన రాతను తర్వాత సరిదిద్దుకోవచ్చు, గీసుకుపోయిన పళ్లేన్ని సరిదిద్దలేం. ఎస్‌ఎంపీఎస్ ఆపేశాను.

మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "తొందరపడ్డాను మాస్టారూ, ఇక ఈరోజు ముట్టుకోను." ఆయన కాసేపు మాట్లాడలేదు. "క్లాసులో మేమూ తప్పు లెక్క చెప్పాం బాబూ, చెరిపేసి మళ్లీ చెప్పేవాళ్లం" అన్నారు. ఇక్కడ చెరిపే వీల్లేదని ఆయనకు చెప్పలేదు.

నకలు తీయడం

మర్నాడు అడాప్టర్‌నే మానేశాను. యూఎస్‌బీ మధ్యలో ఉండే చిప్, చదవలేని సెక్టార్ (డిస్కు మీద డేటా ఉండే చిన్న గడి) తగిలితే చాలాసార్లు మొత్తంగా బిగుసుకుపోతుంది. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలను కూడా సరిగా దాటనివ్వదు. షాపులో ఐడీఈ, దాని తర్వాత వచ్చిన సాటా రెండూ ఉన్న పాత బోర్డు ఒకటి దాచుకున్నాను, ఇలాంటి రోజుల కోసమే. విండోస్ బదులు లైనక్స్ సీడీతో దాన్ని బూట్ చేసి ముందు స్మార్ట్ చూశాను. చదవడానికి మొరాయించి తేల్చకుండా వదిలేసిన సెక్టార్ల లెక్క, అంటే 197వ వరుస, సున్నా ఉండాల్సింది 60 దాటింది. డిస్కు పోలేదు, కానీ పోయే దారిలో ఉంది.

చాలామంది ఇక్కడ విండోస్‌లోని చెక్‌డిస్క్ నడుపుతారు. నేను నడపను. అది ఫైలు వ్యవస్థను సరిచేసే పనిముట్టు. డేటాను కాపాడడం దాని పని కాదు. లెక్క కుదరని ఫోల్డర్లను తెంపి పారేయడానికి వెనకాడదు, పైగా చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీదే రాస్తుంది.

వాడింది డీడీరెస్క్యూ అనే నకలు తీసే ప్రోగ్రామ్. దాని పద్ధతి వరికోత లాంటిది. పంట నిలబడి ఉన్నచోట చకచకా కోసుకుపోయి, పడిపోయిన పంటను చివర్లో కోయడానికి అట్టేపెడుతుంది. ఏ సెక్టార్ వచ్చింది, ఏది రాలేదు అన్నది మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా వదిలిన చోటు నుంచే మొదలవుతుంది. ఒక్క భయం ఏమిటంటే, ఏ డిస్కు నుంచి ఏ డిస్కుకు అన్నది తిరగబడితే ఖాళీ డిస్కు వచ్చి పాతదాని మీద పరుచుకుంటుంది. రెండింటి సీరియల్ నంబర్లు కాగితం మీద రాసి, తెర మీదున్న వాటితో మా కుర్రాడి చేత గట్టిగా చదివించి, అప్పుడు ఎంటర్ కొట్టాను.

22 జీబీ దాకా అరగంటలోపే వచ్చింది. అక్కడ వేగం కిలోబైట్లకు పడిపోయింది. ప్రోగ్రామ్ ఆ ముక్క దాటేసి ముందుకెళ్లింది. మొదటి విడత ముగిసేసరికి రానిది సుమారు 6 ఎంబీ. డిస్కు వేడెక్కింది, ఆపి, టేబుల్ ఫ్యాన్ కింద పెట్టి, మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వెనక నుంచి ముందుకు. దెబ్బతిన్న చోటును ఒక వైపు నుంచి అందుకోలేకపోతే రెండో వైపు నుంచి కొంత దొరుకుతుంది. సాయంత్రానికి రానిది 212 కేబీ. రాత్రంతా వదిలేస్తే ఇంకొంచెం రావచ్చు. వదల్లేదు. ఎవరూ లేనప్పుడు స్వరం మారితే ఆపేవాళ్లు ఉండరు. 40 జీబీలో 212 కేబీ కోసం మిగతా అంతటినీ పణం పెట్టడం నాకు ఇష్టం లేదు, అప్పటికే ఒకసారి పెట్టాను. నకలుకు మరో నకలు తీసి, అసలు డిస్కును తువ్వాలులోనే చుట్టి పక్కన పెట్టాను. దానికి మళ్లీ కరెంటు ఇవ్వలేదు.

ఇక ఎన్ని తప్పులైనా చేయొచ్చు, నకలు మీద. ఆ నిశ్చింత అనుభవించాలి గానీ చెబితే తెలియదు.

ఫార్మాట్ అడిగిన పార్టిషన్ టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్‌తో ఐదు నిమిషాల్లో తేలింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన బూట్ సెక్టార్‌కు ఇంకో ప్రతిని పార్టిషన్ చివరి సెక్టార్‌లో దాచుకుంటుంది. ముందుది పోయింది, చివరిది బాగుంది. దాన్ని తెచ్చి ముందు పెట్టమంటే ఫోల్డర్లన్నీ పేర్లతో సహా వచ్చాయి. ఇది కుదరకపోతే ఫైళ్లను వెలికితీసే ఫోటోరెక్ ఉంది గానీ అది పేర్లు పోగొట్టి, నంబర్లతో ఫైళ్లు ఇస్తుంది. మాస్టారు ఒక్కో అక్షరానికి ఒక్కో ఫైలు పెట్టుకున్నారు కాబట్టి పేర్లే మాకు ప్రాణం.

రాని 212 కేబీ ఏ ఫైళ్లలో పడిందో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. రెండో నకలులో ఆ ఖాళీలను డీడీరెస్క్యూ చేతనే ఒక గుర్తు మాటతో నింపించి, ఆ మాట ఏ ఫైళ్లలో ఉందో వెతకడం. మూడు ఫైళ్లు తేలాయి. రెండు విండోస్ సొంతవి, పోయినా బాధ లేదు. మూడోది మాస్టారి 'ద'.

చదవడం వేరు, తెరవడం వేరు

ఫైళ్లన్నీ పెన్ డ్రైవులో పెట్టి ఇచ్చేసి డబ్బు తీసుకోవచ్చు. చాలామంది అక్కడికే పని అయిపోయిందంటారు. కానీ అవి 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7తో చేసిన ఫైళ్లు, పీఎండీ అని ఉంటాయి. వాళ్ల ల్యాప్‌టాప్‌కు అవేమిటో కూడా తెలియదు.

పాత డిస్కు నకలునే వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లో, బూట్ చేద్దామని చూశాను. నీలం తెర, చివర 7బీ. ఎక్స్‌పీ తన పాత బోర్డు డిస్క్ కంట్రోలర్ కోసం వెతుకుతోంది, ఇక్కడ అది లేదు. ఒక పూట దానితో కుస్తీ పట్టి వదిలేశాను. క్యాబినెట్‌తో వచ్చిన ఎక్స్‌పీ సీడీ, పేజ్‌మేకర్ సీడీ మాస్టారు పసుపు సంచీలో భద్రంగా పెట్టుకున్నారు, వాటితో వర్చువల్ మెషీన్‌లో కొత్తగా ఎక్కించాను. నెట్ ఆపేసి. 2014 ఏప్రిల్ 8 తర్వాత ఎక్స్‌పీకి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, దాన్ని బయటి గాలికి వదలకూడదు.

మొదటి ఫైలు తెరవగానే ఫాంట్లు లేవు, బదులుగా వేరేవి వాడనా అని అడిగింది. ఈసారి క్యాన్సిల్. ఒప్పుకుని సేవ్ చేస్తే అక్షరాల ఆకారం మారి లైన్లన్నీ జరిగిపోతాయి. నకలులోని విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ నుంచి అను ఫాంట్లు తెచ్చి వేసి, మళ్లీ తెరిచాను. పేజీ నిండా తెలుగు. మాస్టారికి ఫోన్ చేశాను.

పీడీఎఫ్‌లు తీయడం తేలికే. కానీ మనవరాలికి ఫోనులో వెతుక్కునేలా, ఏ ఫోనైనా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లో కావాలి. అను లాంటి పాత ఫాంట్లలో 'మేడి' అని కనిపించేది నిజానికి తెలుగు కాదు. కొమ్ములు, గుడులు, వత్తులు, తలకట్లు విడివిడిగా ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంట్ తీసేస్తే మిగిలేది ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో డాలరు గుర్తులు, కొక్కేలు. కన్వర్టర్ ఆ ముక్కలను ఏరి తెలుగు అక్షరాలుగా అతుకుతుంది. తొంభై పాళ్లు బాగానే అతికింది. తప్పులు వచ్చినవి వత్తుల దగ్గరే. నాగలి 'కర్రు'లో వత్తు పక్క అక్షరానికి అంటుకుంది. ఒకే రకం తప్పు అన్ని చోట్లా అలాగే వస్తుంది కాబట్టి, మాస్టారు పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒకటి పట్టుకుంటే నేను మొత్తం మార్చేవాణ్ని. పది రోజుల్లో ఎక్కువ భాగం ఇదే. ఆ పనిలో నాకూ కొన్ని మాటలు వచ్చాయి. నారుమడిని వాళ్లవైపు ఆకుమడి అంటారట.

'ద' తెరుచుకోలేదు. పేజ్‌మేకర్ ఆ ఫైలు చూడగానే మూతపడుతోంది. మాస్టారికి అది గుండెకాయ, ఎందుకంటే నాట్లకు ముందు నీళ్లు పెట్టి దున్నే 'దమ్ము' అన్న ఒక్క మాటకే రెండు పేజీలు రాశారు. ఆయన కంప్యూటర్ అలవాట్లు అడిగాను. ఫైళ్లు ఎక్కడ దాచేవారు, డెస్క్‌టాప్ మీద ఏముండేది. "కరెంటు పోతుందని భయమేసినప్పుడు డెస్క్‌టాప్ మీద ఒకటి పెట్టుకునేవాణ్ని" అన్నారు. నేను కంటిన్యూ నొక్కిన ఫోల్డర్‌లో ఉంటుంది ఆ డెస్క్‌టాప్. లైనక్స్ అనుమతుల గోల పట్టించుకోదు, నకలును చదవడానికి మాత్రమే తెరిచి చూశాను. 'న్యూ ఫోల్డర్' లోపల ఇంకో 'న్యూ ఫోల్డర్', దాని లోపల 'ద'. మూడు నెలల ముందు ప్రతి. తెరుచుకుంది. 'దమ్ము' రెండు పేజీలూ ఉన్నాయి. చివరి మూడు నెలల్లో చేర్చిన మాటలు లేవు.

ఆ తర్వాత షాపులో

ఇప్పుడు మా కుర్రాళ్లకు నాది ఒకటే ఆర్డర్: పాత డిస్కు తెచ్చినవాళ్లు ఎదురుగా ఉండగా దాన్ని ఆన్ చేయొద్దు. డిస్కు తీసుకుని, రసీదు ఇచ్చి, మర్నాడు రమ్మంటాం. చూస్తున్నవాళ్ల ఆత్రం మన వేలి మీదికి వస్తుంది. ఇంకోటి, ఏ డిస్కైనా సరే, ఎంత ఆరోగ్యంగా కనిపించినా సరే, ముందు నకలు, తర్వాతే ఫోల్డర్లు. ఖర్చు అదనంగా ఒక పూట. అడాప్టర్‌తో వచ్చిన పవర్ ఇటుకలను ముందు మా పాత డిస్కు మీద పరీక్షిస్తాం. రసీదు మీద కొత్తగా ఒక గడి చేర్చాం: ఫైళ్లు ఏ ప్రోగ్రామ్‌వి, ఏ ఫాంట్లు, ఆ సీడీలు ఇంట్లో ఉన్నాయా.

'ద'లో పోయిన మాటలు ఎన్నో మాస్టారికీ సరిగా గుర్తులేదు, పది పదిహేను అంటారు. గుర్తొచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు, మనవరాలు టైపు చేస్తుంది, నాకూ ఒక ప్రతి వస్తుంది. మొన్న ఆదివారం పొద్దున్నే రెండో పంటకు వాడే మాట వచ్చింది: "బాబూ, దాళ్వా! సార్వా రాసి దాళ్వా ఎలా వదిలేస్తాను, అది కచ్చితంగా ఉండేది." వెనక ఎక్కడో ట్రాక్టరు వెళ్తున్న చప్పుడు.